అంబాసిడర్ పుష్‌రాడ్ పొడవు: పుస్తకంలో దొరకని కొలత



పోయినసారి పేటల పేర్ల గురించి రాశాను కదా. చిక్కపేట అంటే కన్నడంలో చిన్న పేట అనీ, ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నది ఒకప్పటి దొడ్డపేట అనీ, 1537లో కెంపేగౌడ కట్టించిన ఊరికి ఈ రెండు వీధులూ కలిసే చోటే నడిబొడ్డు అనీ. బియ్యానికి అక్కిపేట, గాజులకు బళేపేట, దూదికి అరళెపేట, కుమ్మర్లకు కుంబారపేట. అది చదివి మనవాళ్లలో ఒకరు అడిగారు: "మరి కారు సామాన్లకు పేట లేదా?" పేరుకు లేదు గాని పేట ఉంది. చిక్కపేట నుంచి దక్షిణంగా నడిచి, పనిముట్లూ మోటార్లూ అమ్మే ఎస్పీ రోడ్డు దాటి, టౌన్ హాల్ పక్క నుంచి జేసీ రోడ్డు ఎక్కితే అదే. మహారాజు జయచామరాజ ఒడెయరు పేరు పెట్టుకున్న రోడ్డు మీద బేరింగులు, పిస్టన్లు, సైలెన్సర్లు, సీటు కవర్లు. అక్కడ పనిచేసేవాళ్లది ఇంట్లో తెలుగో తమిళమో, అంగట్లో కన్నడం, గ్యారేజీలో దక్కనీ ఉర్దూ.

ఇంకో ప్రశ్న మాత్రం నన్ను కూర్చోబెట్టి రాయించింది. తండ్రిగారి అంబాసిడర్‌ను మళ్లీ బతికించాలనుకుంటున్న ఒక సభ్యుడికి మెకానిక్ చెప్పాడట: "సార్, హెడ్ ఫేసింగ్ చాలాసార్లు అయింది, పుష్‌రాడ్లు పొడవైపోయాయి. ఈ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేసుకోండి." పుష్‌రాడ్లు ఎలా పొడవవుతాయి? నిజంగా అయితే కొలిచేదెలా? ఆ ఇంజన్ పారేయాల్సిందేనా? దీనికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

ఇంజన్లో గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి ఒక వాల్వ్, పొగ బయటికి పోవడానికి ఒక వాల్వ్. వాటిని వేళకు తెరిచేది క్యామ్ షాఫ్ట్. అది కింద, బ్లాకులో, క్రాంకు పక్కనే తిరుగుతుంది. పాతకాలపు కార్లలో వాల్వులు కూడా సిలిండర్ పక్కనే, బ్లాకులోనే నిలబడి ఉండేవి. ఫోర్డ్ మోడల్ టీ అలాంటిదే. క్యామ్ పైన ట్యాపెట్, ట్యాపెట్ పైన వాల్వ్, అంతే. పని తేలిక, కానీ ఇంజన్ ఊపిరి సరిగా తీసుకోదు. అమెరికాలో బ్యూయిక్ వాళ్లు 1904 నుంచే వాల్వులను సిలిండర్ నెత్తిన, హెడ్‌లో తలకిందులుగా పెట్టారు. బలం పెరిగింది. కానీ క్యామ్ కిందే ఉండిపోయింది, వాల్వ్ పైకి పోయింది. రెంటి మధ్యా దూరాన్ని దాటించడానికి ఒక ఇనుప పుల్ల కావలసి వచ్చింది. అదే పుష్‌రాడ్. క్యామ్ ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్ ఒక కొనను లేపితే రెండో కొన తూగుడుబల్లలా కిందికి దిగి వాల్వ్‌ను నొక్కుతుంది.

మన అంబాసిడర్ ఈ రెండు కాలాలనూ చూసింది. ఉత్తరపాడాలో 1950ల చివర మొదలైనప్పుడు దానిలో 1476 సీసీ పక్కవాల్వుల ఇంజనే. 1959లో హెడ్‌లో వాల్వులున్న 1489 సీసీ బీఎంసీ ఇంజన్ వచ్చింది. ఇంగ్లండులో దీన్ని బీ సిరీస్ అంటారు, ఎంజీ స్పోర్ట్స్ కార్లలో ఉన్నదీ ఈ కుటుంబమే. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు కట్టిన ఫియట్ 1100, తర్వాత దాని పేరే పద్మిని, అదీ పుష్‌రాడ్ ఇంజనే. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డూ అంతే. అంటే మన తండ్రుల తరం నడిపిన మూడు కార్ల కిందా ఎనిమిదేసి పుష్‌రాడ్లు ఆడాయి.

ఇక్కడ మనవాడొకరి కథ చెప్పకుండా ఉండలేను. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది మన గిద్దలూరు వైపు మోక్షగుండం అని మీకు తెలుసు. ఆయన 1930ల్లో కార్ల ఫ్యాక్టరీ పథకం ఒకటి తయారుచేసి, ఐరోపా, అమెరికా తిరిగి, వాల్‌చంద్ హీరాచంద్‌తో కలిసి మైసూరు సంస్థానంలో పెట్టించాలని ఎంతో పాటుపడ్డారు. ఆంగ్ల ప్రభుత్వం సహకరించలేదు, అది సాగలేదు. వాల్‌చంద్ ఆ తర్వాత 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. బెంగళూరుకు మాత్రం 1940లో ఆయన చేతుల మీదుగా విమానాల ఫ్యాక్టరీ వచ్చింది, ఇప్పటి హెచ్ఏఎల్. (మరుసటి ఏడు విశాఖ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది వేయించిందీ ఆయన కంపెనీయే. ఆ కథ ఇంకోసారి.)

యుద్ధం నడుమ 1943లో ఆ ఫ్యాక్టరీ అమెరికా సైనిక విమానదళం ఆజమాయిషీలోకి పోయి పెద్ద మరమ్మతుల కేంద్రమైంది. డకోటా విమానాలు వచ్చేవి. డకోటాకు రెండు ఇంజన్లు, ఒక్కోదానికి చక్రంలా అమర్చిన 14 సిలిండర్లు, సిలిండర్‌కు రెండు పుష్‌రాడ్లు. లెక్క వేయండి: విమానానికి 56. ఇంజన్ విప్పిన ప్రతిసారీ వాటన్నిటినీ చూడాలి, వాల్వుల సందు కొలవాలి. ఆ తర్వాత 1951లో మైకో, 1953లో హెచ్ఎంటీ వచ్చాయి. మైక్రోమీటరు పట్టిన చేతులు ఊళ్లో వేలల్లో తయారయ్యాయి. జేసీ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో లేత్ పనివాళ్లు "థౌ" అన్న మాటను ఇంత మామూలుగా వాడటానికి ఇదొక కారణం అని నా నమ్మకం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

రెండో కారణం లేమి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, ఇక్కడే తయారుచేసే పథకం లేని కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్ 1954లో వెళ్లిపోయింది. ఉన్న బ్యూయిక్, షెవర్లే కార్లకు సామాను రాదు. కొత్త ఫియట్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. కాబట్టి ఇంజన్ బోరుకొస్తే పారేసే మాటే లేదు. మొదటిసారి 20 థౌ బోరు, తర్వాత 40, ఆపైన లైనర్లు కొట్టించడం. ప్రతిసారీ హెడ్ ఫేసింగ్, వాల్వ్ సీట్ కటింగ్. క్యామ్ అరిగితే దాన్నీ గ్రైండింగ్ చేయించడం.

మెకానిక్ మాటలో నిజం ఇక్కడుంది. పుష్‌రాడ్ పెరగలేదు. దాని చుట్టూ ఉన్న ఇంజన్ తగ్గిపోయింది. కంపెనీ పుస్తకంలో ఉన్న పొడవు కంపెనీ నుంచి వచ్చిన రోజు ఇంజన్‌కు సరిపోయే పొడవు. నాలుగుసార్లు విప్పిన ఇంజన్ వేరే ఇంజన్. దాని పొడవు దాన్నే అడగాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. హెడ్ మొత్తం మీద 20 థౌ గీకారు. హెడ్ కిందికి దిగింది, దానితో రాకర్ షాఫ్ట్ క్యామ్‌కు దగ్గరైంది. పుష్‌రాడ్ 20 థౌ పొట్టి కావాలి. కొత్త హెడ్ ప్యాకింగ్ బిగించాక పాతదానికన్నా 5 థౌ మందంగా నిలిచింది: 5 కలపాలి. క్యామ్ గ్రైండింగ్‌లో దాని గుండ్రటి వైపు వ్యాసార్ధం 10 థౌ తగ్గింది, ట్యాపెట్ అంత కిందికి కూర్చుంది: 10 కలపాలి. ఇంతవరకు 5 థౌ తక్కువ. ఇక వాల్వ్ సీట్లు 15 థౌ లోతుకు పోయాయనుకోండి. వాల్వ్ హెడ్‌లోకి దిగితే దాని తోక పైకి అంత లేస్తుంది. రాకర్ షాఫ్ట్ దిమ్మల కింద 15 థౌ షిమ్ములు వేసి షాఫ్ట్‌ను కూడా అంత లేపితే రాకర్ పాత కోణానికి వస్తుంది. అప్పుడు పుష్‌రాడ్‌కు ఇంకో 15 కలపాలి. చివరికి తేలింది 10 థౌ ఎక్కువ. "పొడవైపోయాయి" అన్న రాడ్లు నిజానికి పొట్టివైపోయాయి! నోటిమాట మీద నడవకూడదని అనేది ఇందుకే.

ఇప్పుడు చాలామంది తడబడే చోటు. ఇంటర్నెట్‌లో వెతికితే పుష్‌రాడ్ పొడవు మీద దొరికే వీడియోలన్నీ దాదాపు అమెరికన్ వీ8 ఇంజన్లవి. 1955 షెవర్లే వీ8 తరహాలో ఒక్కో రాకర్ ఒక్కో స్టడ్ మీద కూర్చుంటుంది, నట్ తిప్పితే రాకరే పైకీ కిందికీ పోతుంది. అక్కడ పుష్‌రాడ్ పొడవు మారిస్తే రాకర్ కోణం మారుతుంది, అది వాల్వ్ తోక మీద రాసుకునే చోటూ మారుతుంది. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ అలా కావు. రాకర్లన్నీ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి, సర్దే మర పుష్‌రాడ్ వైపు ఉంటుంది. వాల్వ్ మూసుకున్నప్పుడు రాకర్ ఏ కోణంలో ఉండాలో నిర్ణయించేవి షాఫ్ట్ ఎత్తు, వాల్వ్ తోక ఎత్తు. పుష్‌రాడ్ పొడవు నిర్ణయించేది ఆ మర ఎంత లోపల, ఎంత బయట ఉంటుందన్నదే. కాబట్టి మన ఇంజన్లకు కొలతలు రెండు, అదీ వరుసలో: ముందు షాఫ్ట్ ఎత్తు, తర్వాతే పుష్‌రాడ్. వీ8 వీడియో చూసి పుష్‌రాడ్ మార్చి వాల్వ్ తోక మీది గీత జరుగుతుందేమోనని ఎదురుచూస్తే, సాయంత్రమైనా జరగదు.

షాఫ్ట్ ఎత్తు ఇలా. సీట్ కటింగ్, ల్యాపింగ్ అన్నీ అయిపోవాలి. వాడబోయే ప్యాకింగే వేసి, హెడ్‌ను టార్క్ రెంచితో పూర్తిగా బిగించాలి. ఒక సిలిండర్ వాల్వులకు అసలు స్ప్రింగుల బదులు వేలితో నొక్కితే దిగే మెత్తటి స్ప్రింగులు వేసుకోవాలి, ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. వాల్వ్ తోక మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, రాకర్ తీసి చూడాలి. రంగు చెరిగిన గీత సన్నగా, తోక నడుమ ఉండాలి. వెడల్పుగా ఉన్నా, అంచుకు పోయినా షాఫ్ట్ ఎత్తు తప్పు. డయల్ గేజ్ ఉంటే ఇంకా తేటగా తెలుస్తుంది: వాల్వ్ మొత్తం 8 మిల్లీమీటర్లు దిగుతుందంటే, సరిగ్గా 4 దిగినప్పుడు రాకర్ షాఫ్ట్ నడిమి నుంచి రాకర్ ముక్కు తగిలే చోటికి గీసిన గీత వాల్వుకు మూలమట్టంగా ఉండాలి. సగం దారిలో మూలమట్టం ఉంటే రాకర్ ముక్కు పోయినంతా తిరిగొస్తుంది, పక్కకు నెట్టడం అతి తక్కువ. లేకపోతే ప్రతి దెబ్బకూ వాల్వ్‌ను పక్కకు తోస్తుంది, గైడ్ కోడిగుడ్డు ఆకారంలో అరుగుతుంది, ఆయిల్ లోపలికి కారి నీలం పొగ వస్తుంది. రింగులు పోయాయనుకుని మళ్లీ ఇంజన్ విప్పిస్తారు.

అది కుదిరాకే పుష్‌రాడ్. పాత రాడ్ ఒకటి తీసుకుని నడుమ కోసి, కొంత ముక్క తీసేసి, రెండు కొనల మధ్య మరలున్న స్టడ్ పెట్టి, తిప్పితే సాగేలా లేత్ మీద చేయించండి. గంట పని. వంగిన రాడ్ పనికిరాదు, అద్దం మీద దొర్లించి చూడండి. రాకర్ మరను దాని పని దూరం మధ్యలో పెట్టాలి, అంటే రాకర్ కింద గోళీ పైన రెండు చుట్ల మర కనిపించేంత. లాక్ నట్ బిగించాక పైన కూడా సర్దడానికి మర మిగలాలి.

క్యామ్ గుండ్రటి వైపు ట్యాపెట్ కింద ఉన్నప్పుడే కొలవాలి. అది తెలుసుకోవడానికి పాత మెకానిక్‌ల తొమ్మిది లెక్క ఉంది. రేడియేటర్ వైపు నుంచి వాల్వులను 1 నుంచి 8 అనుకోండి. 1 పూర్తిగా తెరుచుకుని ఉంటే 8ని కొలవాలి, 3 తెరుచుకుంటే 6ని. కూడితే 9 రావాలి. నాలుగు సిలిండర్ల ఈ ఇంజన్లలో ఇది తప్పదు.

రాకర్ ముక్కుకూ వాల్వ్ తోకకూ నడుమ ఫిల్లర్ గేజ్ పెట్టండి. ఈ కుటుంబపు ఇంజన్‌కు ఎంజీ పుస్తకాల్లో 15 థౌ ఉంటుంది, మీ బండి పుస్తకం ఎంతంటే అంత. సాగే రాడ్‌ను తిప్పుతూ పోతే గేజ్ పట్టీపట్టనట్టు జారే దగ్గర ఆపి, బిగించి, బయటికి తీయండి.

ఇప్పుడు ఆ రాడ్‌ను కొలవాలి, అది అనుకున్నంత సులువు కాదు. దీనికి కింది కొన గోళీ, పై కొన కప్పు. వెర్నియర్‌తో పట్టుకుంటే కప్పు అంచును కొలుస్తారు, రాకర్ గోళీ మాత్రం కప్పు అడుగున కూర్చుంటుంది. అంచు ఎత్తు ఒక్కో కంపెనీ రాడ్‌కు ఒక్కోలా ఉంటుంది. కాబట్టి కప్పులో సరిపోయే బేరింగు గోళీ పెట్టి, కింది నుంచి ఆ గోళీ నెత్తి వరకు కొలిచి, గోళీ వ్యాసం తీసేయాలి. దీనికన్నా తేలిక ఇంకోటుంది. అసలు రాడ్‌నూ సాగే రాడ్‌నూ ఒకే మందపాటి అద్దం మీద పక్కపక్కన నిలబెట్టి, రెంటిలోనూ ఒకే గోళీ పెట్టి, స్టాండుకున్న డయల్ గేజ్‌తో తేడా చూడండి. మనకు కావలసింది మొత్తం పొడవు కాదు, ఆ తేడా.

ఒక్క వాల్వుతో ఆపవద్దు. ముందు కొనన ఒకటి, వెనక కొనన ఒకటి చూడాలి, ఎందుకంటే ఫేసింగ్ ఏటవాలుగా జరిగిన హెడ్లు ఊళ్లో తక్కువేం కాదు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ కూడా వేరువేరుగా చూడాలి. దీనికీ ఒక చరిత్ర ఉంది. పాత పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ సీసం ఎగ్జాస్ట్ సీటు మీద పూతలా నిలిచి దాన్ని కాపాడేది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. మంచిదే, పిల్లల నెత్తురులోకి పోయే విషం పోయింది. కానీ అంబాసిడర్ హెడ్ పోత ఇనుము, సీటు ఆ ఇనుములోనే కోసింది. గట్టి సీట్ రింగులు వేయించని హెడ్లలో ఎగ్జాస్ట్ సీట్లు లోపలికి అరుగుతూ పోయాయి. సీటు అరిగితే తోక లేస్తుంది, సందు తగ్గుతుంది, ట్యాపెట్ చప్పుడు ఆగిపోతుంది. యజమానికి సంతోషం. లోపల వాల్వ్ సరిగా మూసుకోక అంచు కాలిపోతూ ఉంటుంది. కాస్త టకటకమనే ట్యాపెట్ మేలని గ్యారేజీల్లో ఊరికే అనరు.

ఇంత చేశాక తేడా ఎంత వస్తుంది? మర సర్దుబాటు లోపలే ఉంటే, గోళీకి ఆయిల్ చక్కగా అందుతుంటే, లాక్ నట్‌కు మర మిగులుతుంటే, పది పదిహేను థౌలకు రాడ్లు మార్చాల్సిన పనిలేదు. నా అభిప్రాయం అడిగితే జాగ్రత్తగా కాపాడుకున్న అంబాసిడర్లలో చాలావాటికి పాత రాడ్లే చాలు, కావలసింది షాఫ్ట్ కింద షిమ్ములు. హెడ్ మరీ ఎక్కువ గీకేసి మర పూర్తిగా పైకి పోయి గోళీ రాకర్‌లో దాక్కుంటే మాత్రం పొట్టి రాడ్లు చేయించాలి. గొట్టం కోసి కొన మళ్లీ దిగగొట్టించడం ఒక దారి, ఇంకో బండి రాడ్లలో సరిపోయేవి వెతకడం ఇంకో దారి. గోళీ కొనను గ్రైండింగ్ రాయి మీద రాయించి పొట్టి చేయడం మాత్రం ఒప్పుకోవద్దు. గట్టిపరిచిన పొర పైపైనే ఉంటుంది, అది పోతే కొన్ని నెలల్లో ట్యాపెట్‌నే తినేస్తుంది.

ఇక డీజిల్ ఇంజన్ మాట. 2021 జూలైలో కేంద్రం పాత వాహనాలకు కొత్త నిబంధన తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న కారుకు వింటేజ్ గుర్తింపు, నంబరులో "వీఏ" అక్షరాలు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల చెల్లుబాటు. టాక్సీల కాలంలో డీజిల్ ఇంజన్ వేయించడం తప్పనిసరి బతుకుదెరువు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఇప్పుడు ఇంట్లో తండ్రి జ్ఞాపకంగా ఉన్న 1960ల కారులో అసలు ఇంజన్ తీసి ఇనుప సామాన్లవాడికి తూకానికి వేస్తే, ఆ గుర్తింపు దారి అక్కడే మూసుకుంటుంది. అది కూడా ఎవరూ కొలవని ఒక పుల్ల పొడవు పేరు చెప్పి.

అందుకని ఆ సభ్యుడికి నేను చెప్పింది: బ్లాకు పగలలేదు, క్రాంకు బాగుంది అన్నారు కదా, ఇంజన్ అమ్మవద్దు. హెడ్ మందం నాలుగు మూలలా కొలిపించండి. సాగే రాడ్ చేయించి పైన చెప్పిన వరుసలో రెండు కొలతలూ తీయండి. ఆదివారం నేనూ వస్తాను, డయల్ గేజ్ నా దగ్గరుంది.

మిగతా సభ్యులకు ఒక వినతి. మీ అటకల మీద, పాత గ్యారేజీ డబ్బాల్లో అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ వాడని కొత్త పుష్‌రాడ్లు ఏవైనా ఉంటే పారేయకండి, కంపెనీ అట్టపెట్టెతో సహా ఉంచండి. తేడా చూడటానికి అసలు రాడ్ ఒక్కటైనా చేతిలో ఉండాలి. 1975కు ముందు కార్లున్నవాళ్లు ఇంజన్ విప్పించినప్పుడు హెడ్ మందం, షిమ్ముల లెక్క, బోరు సైజు ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. సంఘం ఆఫీసులో ఒక దళసరి నోటుపుస్తకం కొని పెట్టాను, బండికో పేజీ.